కడుపు కొక్కెం దగ్గర రంగు పగులుతోంది. చెక్క లూర్‌కు ఏ సీలర్ మంచిది?

కొత్తగాలం:
అందరికీ నమస్తే. చెక్కతో లూర్లు, అంటే చేపలు పట్టే నకిలీ ఎరలు, చేయడం ఈమధ్యే మొదలుపెట్టాను. బాల్సాతో చిన్న మిన్నోలు (చిట్టిచేప ఆకారంవి), సెడార్‌తో కాస్త పెద్దవి చేస్తున్నాను. ఆకారం బాగానే వస్తోంది, ఈత కూడా పర్లేదు. గొడవంతా పైపూతతోనే. ఉప్పుకాగితం పట్టాక నేరుగా తెల్ల అక్రిలిక్ ప్రైమర్, దాని మీద ఎయిర్‌బ్రష్ రంగులు, చివర్లో రెండు భాగాల ఎపాక్సీ. చూడ్డానికి మెరుపు బ్రహ్మాండం. నాలుగుసార్లు నీళ్లలో పడేసరికి కడుపు కొక్కెం చుట్టూ సన్నటి గీత వస్తుంది. తర్వాత ఆ గీత వెంట ఎపాక్సీ కింద తెల్లగా పాలిపోతుంది, రంగు ఉబ్బుతుంది, గోరు పెడితే పొర లేచి వస్తుంది.

రంగు కింద సీలర్, అంటే చెక్కలోకి నీరు పోకుండా ఆపే పూత, ఉండాలని ఇప్పుడు తెలిసింది. కానీ ఏది? ఒకరు సూపర్ గ్లూ అంటారు, ఒకరు వార్నిష్ అంటారు, ఒకరు అవిసె నూనె, ఇంకొకరు ఎపాక్సీనే పల్చన చేసి పూయమంటారు. చదివేకొద్దీ బుర్ర వేడెక్కుతోంది. నేను పని చేసేది చిన్న గదిలో, మరీ ఘాటు వాసనలు కుదరవు. ఏదో ఒక్కటి చెప్పండి, అదే కొనుక్కుంటాను.

ఉప్పుకాగితం:
ఒక్కటి చెప్పే ముందు రెండు ప్రశ్నలు. పగులు చెక్క పోగుల వెంట పొడుగ్గా వస్తోందా, స్క్రూ ఐ (కొక్కెం తగిలించే మర రింగు) చుట్టూ గుండ్రంగా వస్తోందా? స్క్రూ ఐకి రంధ్రం ఎప్పుడు వేస్తున్నారు?

కొత్తగాలం:
మొదట గుండ్రంగా, తర్వాత అక్కణ్ణుంచి తోక వైపు పొడుగ్గా. రంధ్రం అన్నీ అయ్యాక, ఎపాక్సీ గట్టిపడ్డాక వేస్తాను. ముందే వేస్తే రంగుతో పూడిపోతుంది కదా. స్క్రూ ఐని నేరుగా తిప్పి బిగిస్తాను, జిగురేమీ పెట్టను.

నిదానం:
దొంగ దొరికాడు. మీరు ఎంత మంచి సీలర్ కొన్నా, ఆ రంధ్రం అలా ఉన్నంతకాలం ఇదే కథ.

చెక్క నీరు తాగితే ఉబ్బుతుంది, అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. పోగుల పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం బాగా ఉబ్బుతుంది. అంటే లూర్ పొడుగు పెరగదు, లావెక్కుతుంది. పైనున్న గట్టి ఎపాక్సీ పొర అంత సాగలేక పోగుల వెంట చీలుతుంది. మీ పగులు తోక వైపు పాకడానికి కారణం అదే. చీలిక పడ్డాక ఇంకా నీరు, ఇంకా ఉబ్బు. ఎండినప్పుడు చెక్క మళ్లీ ముడుచుకుంటుంది కానీ లేచిన పొర తిరిగి అతుక్కోదు. కింద మిగిలిన ఆ ఖాళీయే మీకు తెల్లగా కనపడుతోంది.

ఇప్పుడు మీరు చేసే క్రమం చూడండి. డ్రిల్ బిట్ ఎపాక్సీని, రంగును, ప్రైమర్‌ను దాటుకుని ఏ పూతా లేని వట్టి చెక్కలోకి దిగుతోంది. స్క్రూ ఐ మరలు ఆ చెక్కను ఇంకాస్త చీలుస్తున్నాయి. కొక్కెం ఊగినప్పుడల్లా, చేప లాగినప్పుడల్లా అది కాస్త కదిలినా నీటికి దారి దొరికినట్టే.

కాబట్టి చెక్కడం, లిప్ (ముక్కు కింద దిగేసే పలక) గాడి కోయడం, బరువుకు పెట్టే సీసం కోసం వేసే రంధ్రాలు, స్క్రూ ఐల రంధ్రాలు అన్నీ ముందే కానిచ్చేయండి. ఆ తర్వాతే సీలర్. అది రంధ్రాల్లోకి, గాడిలోకి కూడా దిగాలి. రంగు వేసేటప్పుడు రంధ్రంలో టూత్‌పిక్ ముక్క గుచ్చి ఉంచితే పూడిపోదు, పట్టుకోవడానికి పిడి కూడా దొరుకుతుంది. చివర్లో స్క్రూ ఐకి ఎపాక్సీ పట్టించి తిప్పండి, పైకి ఉబికింది అక్కడే చుట్టూ సర్దేయండి.

ఇది చేశాక ఏ సీలర్ అన్న ప్రశ్న సగం తేలికవుతుంది. మిగతా సగం చెక్కను బట్టి. బాల్సాకూ సెడార్‌కూ ఒకటే మందు అక్కర్లేదు.

బాల్సాపిచ్చి:
బాల్సా వరకు నా ఓటు పల్చటి సూపర్ గ్లూకే. జెల్ రకం కాదు, నీళ్లలా జారే రకం. బాల్సాకు నీటిభయం ఒక్కటే కాదు, అది మరీ మెత్తన. గోరు తగిలినా సొట్ట పడుతుంది. పల్చటి సూపర్ గ్లూ చెక్కలోకి ఇంకి, పైనున్న సన్నటి పొరను మొత్తం గట్టి తొడుగులా మార్చేస్తుంది. వార్నిష్‌తో ఆ గట్టిదనం రాదు.

పూసే పద్ధతి: ముక్కును పైకి పట్టుకుని చుక్కలు చుక్కలుగా వదలాలి, అది పోగుల వెంట తనంతట తనే పాకుతుంది. తల, తోక దగ్గర కోసిన కొనలు ఎక్కువ తాగుతాయి, అక్కడ రెండోసారి వదలాలి. ఇంకి ఆరాక పైన మెరుస్తున్న చోట్లను 320 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. లేకపోతే దాని మీద అక్రిలిక్ ప్రైమర్ నిలవదు.

రెండు హెచ్చరికలు. బాల్సా మీద ఎక్కువ పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పొగలాంటి ఆవిరి లేస్తుంది, కళ్లు మండిపోతాయి. మొహం మీదికి వంచుకుని చేయొద్దు, కిటికీ తీసి ఫ్యాన్ పెట్టుకోండి. రెండోది, దూదితో గానీ కాటన్ గుడ్డతో గానీ తుడవొద్దు. నూలు మీద సూపర్ గ్లూ చాలా వేగంగా గట్టిపడి చెయ్యి కాలేంత వేడి పుడుతుంది, కాటన్ గ్లౌజులకూ అదే మాట. పాలిథిన్ కవరు వేలికి చుట్టుకుని రుద్దండి.

లోతునీరు:
బాల్సా వరకు సరే. పెద్ద సెడార్, మేపుల్ లూర్లకు సూపర్ గ్లూ అంటే సీసాలకు సీసాలు. అందులోనూ మేపుల్ లాంటి గట్టి చెక్కలో అది ఇంకదు, పైన పెంకులా ఉండిపోతుంది. నేను పాత పద్ధతి మనిషిని. కాచిన అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి, లూర్‌ను అందులో ముంచి ఉంచి, తీసి తుడిచి వేలాడదీస్తాను. నూనె లోపలికి పోతుంది, కాబట్టి పైన గీత పడినా చెక్కకు రక్షణ ఉంటుంది. ఎపాక్సీ పైపొరకు పళ్ల గాట్లు తప్పవు, ఆ గాట్ల కింద ఏముందన్నదే ముఖ్యం.

ఆరడానికి వారాలు పడుతుంది, ఒప్పుకుంటాను. నాకేం తొందర లేదు.

రంగులబుడ్డి:
లోతునీరు అన్నా, నీకు తొందర లేదు సరే, కొత్తవాళ్లకు ఉంటుంది. వాళ్లు బయట తాకి చూసి ఆరిందనుకుంటారు, లోపల నూనె ఇంకా పచ్చిగానే ఉంటుంది. దాని మీద లాకర్ (ద్రావకంతో చేసిన మెరుపు పూత) వేస్తే ముడతలు, అక్రిలిక్ వేస్తే పట్టు ఉండదు. నూనె వాసన పోలేదంటే రంగుకు సమయం రాలేదన్నమాట.

ఇంకో మాట చెప్పి తీరాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. ఆ నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అందులో వేడి పుడుతుంది, ఉండ మధ్యలో ఆ వేడికి పోయే దారి ఉండదు. గుడ్డను విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి. చిన్న గదిలో పని చేస్తానన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిదానం:
నూనె చెక్కలోకి పోతుంది నిజమే, కానీ పోయినంత మాత్రాన నీటిని ఆపదు. అమెరికా ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ వాళ్లు చెక్క పూతల్లో ఏది తేమను ఎంత ఆపుతుందో ఎన్నో ఏళ్లు పరీక్షించారు. పారఫిన్ మైనం, ఎపాక్సీ లాంటివి పైవరుసలో ఉన్నాయి, అవిసె నూనె అడుగున ఉంది. ఏ పూతా తేమను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుందంతే అన్నది కూడా అందులో తేలింది. లూర్ నీళ్లలో ఉండేది కొన్ని గంటలు, తర్వాత పెట్టెలో ఆరుతుంది. కాబట్టి మనకు కావలసింది ఆ కొన్ని గంటల ఆలస్యమే.

మైనం అంత మంచిదైతే దాన్నే వాడొచ్చుగా అని ఎవరూ అడగొద్దు. దాని మీద రంగు నిలబడదు.

లోతునీరు:
నూనె పూసిన లూర్లు నా పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్నాయి. లాబొరేటరీ వాళ్లు వచ్చి చూసుకోవచ్చు :)

రంగులబుడ్డి:
ఉంటాయి అన్నా. పైన నువ్వు వేసే ఎపాక్సీ ఎంత మందమో మాకు తెలుసుగా.

కొత్తగాలం గారూ, ఒకటి అడగాలి. మీ సెడార్ లూర్లలో తెల్ల ప్రైమర్ మీద గోధుమరంగు మచ్చలు గానీ, పసుపు ఛాయ గానీ వస్తోందా?

కొత్తగాలం:
అవునండీ! చేతి మురికి అనుకుని రెండు కోట్లు ఎక్కువ వేస్తున్నాను. మళ్లీ పైకి వస్తోంది.

రంగులబుడ్డి:
మురికి కాదు, టానిన్. సెడార్‌లో నీటిలో కరిగే రంగు పదార్థం ఉంటుంది. మీది నీటితో కలిపే ప్రైమర్, కాబట్టి అది తడిగా ఉన్నంతసేపూ చెక్కలోంచి ఆ రంగును పైకి లాక్కుంటుంది. ఎన్ని కోట్లు వేస్తే అన్నిసార్లు లాగుతుంది. చెక్కకూ ప్రైమర్‌కూ మధ్య నీళ్లు కలవని పొర ఒకటి ఉండాలి.

దీనికి మంచి మందు షెల్లాక్, అంటే మన లక్క పాలిష్. స్పిరిట్‌లో కరుగుతుంది, గంటలోపే ఆరుతుంది, జిడ్డు చెక్క మీద కూడా పట్టుకుంటుంది, వాసన భరించగలిగేదే. లక్కలో సహజంగా కొంత మైనం ఉంటుంది, అది పైపొరల పట్టును చెడగొడుతుంది. కాబట్టి మైనం తీసేసిన రకమే, డీవాక్స్‌డ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. డబ్బా మీద తయారీ తేదీ కూడా చూడండి, కలిపి ఉంచిన షెల్లాక్ పాతబడితే సరిగా గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది.

అయితే షెల్లాక్ ఒక్కదాన్నే నీటి సీలర్‌గా నమ్మొద్దు. తడి ఎక్కువసేపు తగిలితే అదే తెల్లబడుతుంది. దాని పని మరక ఆపడం, రంగుకు పట్టు ఇవ్వడం.

చెక్కచేప:
రెండు డబ్బాలు ఎందుకు? ఎపాక్సీ సీలర్‌గా వేస్తే టానిన్‌నూ ఆపుతుంది, నీటినీ ఆపుతుంది. పైపూతకు ఆయన దగ్గర ఎపాక్సీ ఎలాగూ ఉంది. అదే కింద కూడా.

కాకపోతే చాలామంది దాన్ని అసిటోన్‌తోనో స్పిరిట్‌తోనో నీళ్లలా పల్చన చేస్తారు. చెక్కలోకి బాగా దిగుతుందని వాళ్ల ఆశ. కొంచెం దిగుతుంది, కానీ ద్రావకం ఎగిరిపోయాక పొరలో అతి సన్నటి రంధ్రాలు మిగులుతాయి, గట్టిదనం తగ్గుతుంది, తేమను ఆపే గుణమూ తగ్గుతుంది. పల్చన చేయాలంటే కొన్ని చుక్కలు చాలు. అంతకన్నా వేడి మంచిది.

అసలు సంగతి ఇక్కడుంది. ఎపాక్సీలో బుడగలు ఎక్కడివి? కలిపేటప్పుడు వచ్చినవి కొన్ని, చెక్కలోంచి వచ్చేవి ఎక్కువ. పూత వేశాక గది వేడెక్కితే చెక్క పోగుల్లోని గాలి వ్యాకోచించి, తడి పొరను పొడుచుకుని బయటికి వస్తుంది. దీన్నే తిరగేసి వాడుకోవాలి. ముందు చెక్కను హెయిర్ డ్రైయర్‌తో వేడి చేయండి, చేత్తో పట్టుకుంటే వెచ్చగా తెలియాలి, కాలకూడదు. అప్పుడు ఎపాక్సీ పూయండి. వెచ్చటి చెక్క తగలగానే అది పల్చబడుతుంది. చెక్క చల్లారుతున్నకొద్దీ లోపలి గాలి ముడుచుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. ఒక్క చుక్క ద్రావకం లేకుండా ఎంత దిగాలో అంత దిగుతుంది. తర్వాత మిగిలినదాన్ని కార్డు ముక్కతో గీకేయండి, సీలర్ కోటుకు మందం అక్కర్లేదు. రంధ్రాల్లోకి టూత్‌పిక్‌తో ఎక్కించి, గోడలకు తడిమి, మిగిలింది తీసేయండి.

అయిదు నిమిషాల ఎపాక్సీ దీనికి పనికిరాదు. ఇంకేలోపే గట్టిపడుతుంది, నీటికీ అంత బాగా ఆగదు, పసుపు కూడా పడుతుంది. నిదానంగా గట్టిపడే రకం తీసుకోండి. డబ్బా మీద కొలత పరిమాణంలో చెప్పారో బరువులో చెప్పారో చూసుకోండి, రెంటికీ తేడా ఉంటుంది. ఎక్కువ గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఫలితం రివర్స్, ఎప్పటికీ జిగురు పోదు.

గట్టిపడ్డాక పైన చేతికి మైనంలా జారే పొర తగిలితే అది కొన్ని ఎపాక్సీల మీద తేలే అమైన్ పొర. నీళ్లతో కడిగితే పోతుంది. కడిగి, ఆరబెట్టి, 320తో రుద్ది, అప్పుడు ప్రైమర్. కడగకుండా రుద్దితే దాన్ని గీతల్లోకి కుక్కినట్టే.

సందేహాలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. యూవీ వెలుతురుతో గట్టిపడే యూవీ రెసిన్ వాడితే? నిమిషాల్లో అయిపోతుంది, వాసనా తక్కువ.

చెక్కచేప:
పైపూతగా వాడుకోండి, బాగుంటుంది. సీలర్‌గా మాత్రం వద్దు. అది గట్టిపడేది వెలుతురు తగిలిన చోటే. చెక్కలోకి ఇంకిన రెసిన్‌కు, స్క్రూ రంధ్రం అడుగున ఉన్నదానికి వెలుతురు అందదు, పచ్చిగానే ఉండిపోతుంది. తర్వాత రంగు కిందికి ఊరుతుంది.

నీటిగీత:
అందరూ నీరు ఆపడం గురించే మాట్లాడుతున్నారు, బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. బాల్సా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.16 గ్రాములు, వెస్టర్న్ రెడ్ సెడార్ 0.37 దాకా, గట్టి మేపుల్ 0.7. ఎపాక్సీ 1.1 పైనే. మేపుల్ లూర్‌కు ఒక కోటు ఎపాక్సీ లెక్కలోకే రాదు. వేలంత బాల్సా మిన్నోకు అదే కోటు మందంగా పడితే ఈత మారిపోతుంది. పైగా ఆ బరువు చేరేది మధ్యలో కాదు, ఒంటి చుట్టూ. దాంతో అటూ ఇటూ ఊగే వేగం మందగిస్తుంది. బాల్సా లూర్ విలువంతా ఆ చురుకుదనమే.

అందుకే సీసం ఎంత పెట్టాలో సీలర్ వేయకముందు తేల్చేయొద్దు. సీల్ చేసి, లిప్‌ను తాత్కాలికంగా గుచ్చి, కొక్కేలు రబ్బరు బ్యాండుతో కట్టి, సీసం ముక్కలు కడుపు కింద టేపుతో అంటించి బకెట్‌లో వేయండి. ఎంత మునుగుతోంది, ఏ పక్కకు ఒరుగుతోంది చూసి సీసం ఖాయం చేయండి. పైపూతకు కూడా కొంచెం జాగా వదలండి. సీసం పెట్టాక ఆ రంధ్రం నోటికి మళ్లీ సీలర్ తగలాలి, చాలామంది దీన్ని పుట్టీతో మూసి వదిలేస్తారు.

లోతునీరు:
ద్రావకాలంటే భయం లేనివాళ్ల కోసం ఇంకో దారి. సెల్యులోజ్ ప్రొపియొనేట్ అనే ప్లాస్టిక్ గింజలు దొరుకుతాయి. అసిటోన్‌లో వేసి ఒకట్రెండు రోజులు వదిలేస్తే కరిగి పల్చటి తేనెలా తయారవుతుంది. లూర్‌ను అందులో ముంచి తీసి వేలాడదీయడమే. అసిటోన్ ఎగిరిపోయి ప్లాస్టిక్ పొర మిగులుతుంది. తర్వాతి ముంపు కింది పొరను కాస్త కరిగించి దానితో ఏకమవుతుంది, కాబట్టి పొరల మధ్య రుద్దే పనే లేదు. మొదటి ముంపు నెమ్మదిగా, బుడగలు రావడం ఆగేదాకా లోపలే ఉంచాలి. జపాన్‌లో బాల్సా మిన్నోలు చేసేవాళ్లు సెల్యులోజ్ లాకర్‌లో ఇలాగే పదేపదే ముంచుతారు.

ఇదేం కొత్త విద్య కాదు. ఫిన్లాండ్‌లో లౌరి రాపలా 1936లో తన మొదటి లూర్‌ను బెండుతో చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, పాత ఫొటో నెగెటివ్‌లు కరిగించి పూత వేశాడు. అదీ సెల్యులోజ్ ప్లాస్టిక్కే. దొరికిన వస్తువుతో పని కానిచ్చాడు మహానుభావుడు.

కొత్తగాలం తమ్ముడూ, నీ గదికి మాత్రం ఇది పనికిరాదు. మూత తీసిన జాడీడు అసిటోన్, పక్కన ఒక్క నిప్పురవ్వ చాలు.

సందేహాలు:
ఆ ప్రొపియొనేట్ మీద రబ్బరు పురుగులు (పురుగు ఆకారం మెత్తటి ఎరలు) పెట్టొద్దంటారు, నిజమేనా?

లోతునీరు:
నిజం. మెత్తటి ప్లాస్టిక్ పురుగుల్లో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటి పదార్థం ఉంటుంది. అది బయటికి ఊరి ప్రొపియొనేట్‌ను, లాకర్‌ను, కొన్ని వార్నిష్‌లను కరిగించేస్తుంది. పక్కపక్కన పెట్టి వేసవంతా పెట్టె మూసి ఉంచితే రెండూ ఒకే ముద్దగా తేలతాయి. ఎపాక్సీ పైపూత చాలావరకు తట్టుకుంటుంది. అయినా వేరే అరలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బాల్సాపిచ్చి:
వార్నిష్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. నూనె ఆధారిత పాలీయురేథేన్‌ను సగానికి సగం మినరల్ స్పిరిట్‌తో పల్చన చేసి ముంచితే సెడార్, పైన్‌లకు చక్కగా సరిపోతుంది. ఎపాక్సీ కొలతల గొడవ లేదు. రంధ్రాల్లోకి దానంతట అదే పోతుంది. పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది, ఆ రోజులు ఓపిక పట్టేవాళ్లకే. గాలిలో తేమతో గట్టిపడే యురేథేన్ ఇంకా గట్టిది కానీ డబ్బా ఒకసారి తెరిస్తే లోపల కూడా గడ్డకట్టడం మొదలవుతుంది. అందులో ఐసోసైనేట్లు, అంటే పీలిస్తే హాని చేసే రసాయనాలు ఉంటాయి, కార్లకు కొట్టే రెండు భాగాల క్లియర్ కోటులో కూడా. తగిన మాస్క్, గాలి బయటికి లాగే ఏర్పాటు లేని గదిలో వాటి జోలికే వెళ్లొద్దు.

ఫర్నిచర్‌కు వాడే శాండింగ్ సీలర్ మాత్రం కొనకండి. సీలర్ అన్న పేరు చూసి మోసపోతారు. అది తొందరగా రుద్దడానికి వీలుగా చేసింది, నీళ్లలో నానడానికి కాదు.

ఉప్పుకాగితం:
ఇలా ఎవరి ఇష్టం వాళ్లు చెబుతూ పోతే తెల్లారిపోతుంది. కొత్తగాలం గారూ, మీరే తేల్చుకోండి, ఒక్క రాత్రి పని.

ఒకే చెక్క పలక నుంచి ఒకే కొలత ముక్కలు కోయండి. చివరలు కోసిన ముఖాలకు కూడా పూత పట్టించండి, నీరు ఎక్కువగా తాగేది అక్కడే. ఒకటి వట్టిది, ఒకటి సూపర్ గ్లూ, ఒకటి వెచ్చచేసి పూసిన ఎపాక్సీ, ఇంకేదైనా ఉంటే అదీ. మరో రెండు ముక్కలకు కూడా ఎపాక్సీయే పూయండి. కానీ ఒకదానికి పూతకు ముందే రంధ్రం వేసి, తర్వాత స్క్రూ ఐని ఎపాక్సీతో బిగించండి. రెండోదానికి మీ పాత పద్ధతిలో, పూత గట్టిపడ్డాక రంధ్రం. అన్నీ పూర్తిగా గట్టిపడనివ్వండి. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు మీద తూచి, బరువును ముక్క మీదే పెన్సిల్‌తో రాయండి. నీళ్లలో ముంచి పైన బరువు పెట్టండి, లేకపోతే తేలతాయి. పొద్దున తీసి, పైతడి తుడిచి, మళ్లీ తూచండి. పెరిగిన బరువంతా లోపలికి పోయిన నీరే.

అన్నట్టు, సీల్ చేసేముందు చెక్క ఎండి ఉండాలి. తడి లోపల ఉండగా మూత పెడితే ఏ సీలరూ ఏమీ చేయలేదు. ఇదే త్రాసుతో రోజూ తూచి చూడండి, బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టు.

కొత్తగాలం:
చేశాను. సెడార్, బాల్సా రెండింటితో.

వట్టి బాల్సా ముక్క ఎంత తాగిందో చూసి భయమేసింది. సూపర్ గ్లూ ముక్కలు కొంచెం పెరిగాయి. అదీ కోసిన కొనల దగ్గరే, అక్కడ రంగు ముదిరి కనపడింది. వెచ్చచేసి ఎపాక్సీ పూసినవాటిలో తేడా నా త్రాసుకు అందీ అందనట్టు ఉంది. ముందే రంధ్రం వేసిన ముక్క కూడా దాదాపు అలాగే. ఎపాక్సీ పూసి తర్వాత రంధ్రం వేసిన ముక్క మాత్రం సూపర్ గ్లూ ముక్క కన్నా ఎక్కువ తాగింది! దాన్ని పొడుగ్గా చీల్చి చూస్తే స్క్రూ ఐ చుట్టూ తడి పోగుల వెంట రెండు వైపులా సాగి ఉంది. పైన పూత మాత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి బాల్సాకు సూపర్ గ్లూ, కొనలకు రెండుసార్లు, దాని మీద గీకేసిన పల్చటి ఎపాక్సీ ఒక్క కోటు. సెడార్‌కు వెచ్చచేసి ఎపాక్సీ, షెల్లాక్ అక్కర్లేదు. సరేనా?

రంగులబుడ్డి:
సెడార్‌కు సరే. గీకేసిన చోట చెక్క బయటపడితే అక్కడ మచ్చ మళ్లీ వస్తుంది, రుద్దేటప్పుడు అంచులు చూసుకోండి. ప్రైమర్ ఆరాక ఎవరికీ కనపడని చోట బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి చటుక్కున లాగండి. గళ్లు లేచి వస్తే రుద్దడం చాల్లేదన్నమాట.

నీటిగీత:
బాల్సాకు సూపర్ గ్లూ మీద మళ్లీ ఎపాక్సీ సీలర్ అనవసరం అంటాను. పైపూత ఎలాగూ ఎపాక్సీయే కదా. ఆ కోటు బరువు సీసంలో పెట్టుకుంటే ఇంకా బాగా ఈదుతుంది.

బాల్సాపిచ్చి:
పళ్లున్న చేపలకైతే ఉండాలి, లేకపోతే వద్దు.

కొత్తగాలం:
అర్థమైంది. ఆఖరి ప్రశ్న. ఇప్పటికే పగిలిన లూర్లు ఒక డబ్బాడు ఉన్నాయి. బాగుచేయొచ్చా? ఓవెన్‌లో తక్కువ వేడి మీద పెట్టి ఎండబెడదామనుకుంటున్నా.

నిదానం:
ఓవెన్ వద్దు. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, లోపలి తేమ ఆవిరై దాన్ని ఇంకా పైకి లేపుతుంది. స్క్రూ ఐలు విప్పేయండి, లేచిన పొరను గట్టిగా అతుక్కున్న అంచు దాకా బ్లేడుతో కోసి తీసేయండి, ఫ్యాన్ కింద పెట్టండి. ఉప్పుకాగితం గారు చెప్పినట్టు బరువు ఆగేదాకా తూస్తూ ఉండండి. రోజులు పట్టొచ్చు, పెద్ద సెడార్‌వి వారాలు. ఎండాక రంధ్రంలోకి పల్చటి సూపర్ గ్లూ వదలండి, చీలిన పోగుల వెంట తనే పాకుతుంది. అది గట్టిపడ్డాక రంధ్రాన్ని ఎపాక్సీతో నింపేసి, మర్నాడు ఆ ఎపాక్సీలోనే కొత్త రంధ్రం వేయండి. ఇక మరలు పట్టుకునేది చెక్కను కాదు, ఎపాక్సీని. కోసిన చోట రంగు దిద్ది పైపూత వేసుకోవచ్చు. అతుకు కనపడుతుంది, చేపలకు పట్టింపు లేదు.

లిప్ మొదలు దగ్గర కూడా పగులు ఉందేమో చూడండి. అక్కడుంటే లిప్ ఊడదీసి గాడిని మళ్లీ సీల్ చేయాల్సిందే, పైపైన ఎపాక్సీ పూస్తే ఆగదు.